నెలకు మూడు వందల్లో, ఏ కుందేలు కన్నూ మండకుండా

జంతువులపై పరీక్షించని సబ్బులు, షాంపూలు మాత్రమే వాడాలని ఉందని చెబితే మా హాస్టల్‌లో వచ్చే మొదటి జవాబు, అవన్నీ డబ్బున్నవాళ్ల ముచ్చట్లు అనే. నల్లగొండలో ఎమ్మెస్సీ కెమిస్ట్రీ చదువుకుంటూ, ఫీజు రీయింబర్స్‌మెంట్ ఎప్పుడు పడుతుందా అని ఎదురుచూస్తూ, మెస్ బిల్లు కట్టగా మిగిలిన దానితో నెల వెళ్లదీసే మాలాంటి వాళ్లకు ఆ జవాబు సబబుగానే తోస్తుంది. జంతువులపై పరీక్షించలేదన్న గుర్తుగా కుందేలు బొమ్మ వేసిన ఒక్క ఫేస్‌వాష్ ఖరీదుతో కిరాణం దుకాణంలో నెలకు సరిపడా స్నానం సామాను దాదాపు మొత్తం వస్తుంది మరి. అయినా అది సగం నిజమే అని నా అభిప్రాయం. అలాంటి వస్తువులకు మనం పెట్టే అదనపు డబ్బులో ఎక్కువ భాగం సువాసనకు, సీసాకు, ప్రకటనకు పోతుంది తప్ప, ఒక జంతువును బాధపెట్టకుండా ఉన్నందుకు కాదు. ఏది చూసి కొనాలో, దేనికి డబ్బు పెట్టనక్కరలేదో తెలిస్తే నెలకు మూడు వందల లోపే ఈ పని జరుగుతుంది.

మూడు వందలన్న లెక్కకు ఒక ఆధారం ఉంది. సంక్షేమ హాస్టళ్లలో చదివిన వాళ్లకు కాస్మెటిక్ చార్జీలు అంటే ఏమిటో వేరే చెప్పనక్కరలేదు. సబ్బు, నూనె, షాంపూ, పేస్టు వగైరాలకు ప్రభుత్వం నెలనెలా ఇచ్చే సొమ్ము అది. ఎనిమిది నుంచి పదో తరగతి వరకు చదివే ఆడపిల్లలకు చాలా ఏళ్లు నెలకు 75 రూపాయలుగా ఉన్న ఆ చార్జీని 2024లో 275 చేశారు. నేను 75 రూపాయల కాలంలో చదువుకున్నదాన్ని. అందుకే 275లో ఒక అమ్మాయి శుభ్రంగా, తన మనసుకు నచ్చినట్టు బతకగలదా అన్న ప్రశ్న నుంచే ఈ విషయాన్ని చూడడం నాకు అలవాటైంది.

ముందుగా చట్టం సంగతి చెప్పాలి, ఎందుకంటే మనలో చాలామందికి అది తెలియదు, తెలిస్తే సగం భయం తీరుతుంది. సౌందర్య సాధనాలను జంతువులపై పరీక్షించడాన్ని మన దేశం 2014 మే నెలలోనే నిషేధించింది. అదే ఏడాది నవంబరు నుంచి, జంతువులపై పరీక్షించిన సౌందర్య సాధనాల దిగుమతిని కూడా ఆపేసింది. తరువాత వచ్చిన 2020 నాటి కాస్మెటిక్స్ నియమాలలోనూ ఆ నిషేధం కొనసాగింది. అంటే ప్రకాశం బజారులో దొరికే పది రూపాయల సబ్బునైనా, హైదరాబాద్‌లో గాజు అద్దాల దుకాణంలో దొరికే ఆరు వందల సబ్బునైనా ఇక్కడ తయారుచేసేవాడు కుందేలు మీద పరీక్షించడం చట్టరీత్యా నేరమే. ఖరీదైన సబ్బు అట్ట మీద "మేము జంతువులపై పరీక్షించము" అని పెద్ద అక్షరాలతో రాసుకోవడం, నేను దొంగతనం చేయను అని ఒకడు మెడలో బోర్డు కట్టుకుని తిరగడం లాంటిదే. మంచిదే, కానీ దానికి మనం అదనంగా డబ్బు కట్టాల్సిన పని లేదు.

అయితే అక్కడితో అంతా అయిపోలేదు. ఇక్కడ అమ్మే కంపెనీయే వేరే దేశంలో ఏం చేస్తున్నదన్నది మన చట్టం పరిధిలోకి రాదు. యూరోపియన్ యూనియన్ 2013 మార్చి నాటికి జంతువులపై పరీక్షించిన సౌందర్య సాధనాల అమ్మకాన్నే పూర్తిగా నిషేధించింది. చైనా మాత్రం దిగుమతయ్యే సౌందర్య సాధనాలకు జంతు పరీక్షను చాలాకాలం తప్పనిసరి చేసింది. 2021 మే నుంచి మామూలు రకాలకు కొన్ని షరతులతో సడలింపు ఇచ్చింది. కాబట్టి అంతర్జాతీయ కంపెనీల విషయంలో మన దేశపు చట్టం ఒక్కటే భరోసా కాదు. పైగా ఒక రసాయనాన్ని మందుల్లోనూ, ఫ్యాక్టరీల్లోనూ వాడుతుంటే, దాని మీద ఆయా చట్టాల కింద పరీక్షలు వేరుగా జరుగుతాయి. యూరప్‌లో కూడా రసాయనాల చట్టానికి, సౌందర్య సాధనాల చట్టానికి మధ్య ఈ పేచీ ఉంది. కొత్తగా కనిపెట్టిన పదార్థం కంటే ఎప్పటినుంచో వాడుకలో ఉన్న పదార్థాలతో చేసిన వస్తువు మేలని నేను అనేది ఇందుకే. కొబ్బరినూనెను ఇవాళ కొత్తగా ఎవరూ ఏ ఎలుకకూ పట్టించి చూడనక్కరలేదు.

ఆ పరీక్ష ఎలా ఉండేదో, కొన్నిచోట్ల ఇంకా ఎలా జరుగుతున్నదో ఒకసారి దగ్గరగా చూడడం అవసరం. 1944లో అమెరికాలో జాన్ డ్రెయిజ్ అనే శాస్త్రవేత్త రూపొందించిన పద్ధతి ఇది. తెల్ల కుందేలు కింది కనురెప్పను కొద్దిగా లాగి, ఆ సందులో పదో వంతు మిల్లీలీటరు పదార్థాన్ని వేస్తారు. రెండో కంటిని పోల్చి చూడడానికి వదిలేస్తారు. ఒక రోజుకు, రెండు రోజులకు, మూడు రోజులకు కన్ను ఎంత ఎర్రబడింది, ఎంత వాచింది, నల్లగుడ్డు మీది పొర ఎంత మసకబారింది అని మార్కులు వేస్తారు. దెబ్బ తీవ్రంగా ఉంటే ఇరవై ఒక్క రోజుల వరకూ చూస్తారు. కుందేలునే ఎంచుకోవడానికి ఒక కారణం, దానికి మనకంత తొందరగా కన్నీళ్లు రాకపోవడం. వేసిన పదార్థాన్ని కన్ను తనంత తాను కడిగేసుకోలేదు. ఆదివారం పూట కుంకుడుకాయ రసం కంట్లో పడి కేకలు పెట్టని పిల్లలు మన ఊళ్లలో ఉండరు. అమ్మ వెంటనే చెంబుతో నీళ్లు కొడుతుంది, పిడికెడు ఉప్పు చేతిలో పెడుతుంది, ఆ ఉప్పు ఎందుకో ఎవరికీ తెలియకపోయినా మంట తగ్గిపోతుంది. ఆ కుందేలుకు చెంబెడు నీళ్లు పోసే మనిషి ఉండడు, అంతే తేడా.

ఇప్పుడు దానికి బదులు పద్ధతులు వచ్చాయి. మనిషి చర్మ కణాలను ప్రయోగశాలలో పొరలు పొరలుగా పెంచి, వాటి మీద పరీక్షించే విధానాన్ని అంతర్జాతీయంగా ఆమోదించారు. కబేళాలో మాంసం కోసం చంపిన పశువుల కళ్లను తెచ్చి వాటి కార్నియా (నల్లగుడ్డు మీది పొర) మీద చేసే పరీక్ష కూడా ఈ బదులు పద్ధతుల్లోనే లెక్క. బతికున్న జంతువు బాధపడదు, నిజమే. కానీ దాన్ని జంతువు ప్రమేయం లేని పద్ధతి అనడానికి నాకు మాత్రం నోరు రాదు. ఇక మన హైదరాబాద్‌లోని సీసీఎంబీ అనే జీవకణ పరిశోధన సంస్థ ప్రాంగణంలో కూడా జంతువులకు బదులు మానవ కణాల నమూనాలను ప్రోత్సహించే పని జరుగుతున్నది.

ఇక కుందేలు బొమ్మల సంగతి. అట్ట మీద కనబడే కుందేళ్లన్నీ ఒక్క జాతివి కావు. గెంతుతున్న కుందేలు బొమ్మతో ఉండే లీపింగ్ బన్నీ అన్న గుర్తు 1996 నుంచి ఉంది. దాన్ని వాడుకోవాలంటే కంపెనీ తన ముడిసరుకు అమ్మేవాళ్ల వివరాలను కూడా చూపించాలి, బయటివాళ్ల తనిఖీకి ఒప్పుకోవాలి. జంతువుల హక్కుల కోసం పనిచేసే పెటా సంస్థ ఇచ్చే గుర్తుకు ప్రధానంగా కంపెనీ రాసిచ్చే హామీ పత్రమే ఆధారం. ఈ రెండూ కాకుండా, ఏ సంస్థకూ సంబంధం లేకుండా డిజైనర్ చేత గీయించుకున్న కుందేళ్లు మూడో రకం, ఇవే ఎక్కువ. మన దేశంలో సౌందర్య సాధనాలకు ప్రభుత్వం తరఫున ఇటువంటి ముద్ర లేదు. ఆహార పదార్థాల మీద వేసే వీగన్ (జంతువుల నుంచి వచ్చినదేదీ లేనిది అనే) గుర్తు వీటికి వర్తించదు. కాబట్టి బొమ్మ కనిపించగానే నమ్మడం కంటే, ఆ రెండు సంస్థల జాబితాల్లో ఆ కంపెనీ పేరు ఉందో లేదో ఫోన్‌లో ఒకసారి చూసుకోవడం మేలు. అది నయాపైసా ఖర్చు లేని పని. పుణేలో 1974 నుంచి పనిచేస్తున్న బ్యూటీ వితౌట్ క్రుయెల్టీ సంస్థ మన దేశపు వస్తువుల గురించి చెప్పే వివరాలు కూడా పనికొస్తాయి.

జాబితాలో పేరుండడం అంటే ఏమిటన్నదీ గమనించాలి. డవ్ సబ్బు బ్రాండుకు 2018లో పెటా గుర్తింపు వచ్చింది; దాన్ని తయారుచేసే యూనిలీవర్ కింద ఉన్న బ్రాండ్లన్నిటికీ ఆ గుర్తింపు లేదు. నా స్నేహితురాళ్లలో కొందరు మాతృసంస్థ పూర్తిగా మారేదాకా దాని వస్తువు ఏదీ కొనమంటారు. ఇంకొందరు, గుర్తింపు ఉన్న బ్రాండునే కొంటే ఆ పెద్ద కంపెనీకి జనం దేన్ని కోరుకుంటున్నారో తెలుస్తుందంటారు. నేను రెండో పక్షం, కారణం ఆదర్శం కాదు: ప్లమ్ లాంటి పూర్తి వీగన్ బ్రాండ్ల ధర నా నెల లెక్కలో ఇమడదు, దేవరకొండలో మా ఇంటి పక్క దుకాణంలో అవి దొరకవు కూడా. దొరకని వస్తువు ఎంత పవిత్రమైనదైతే మాత్రం ఏం లాభం?

పరీక్ష ఒకటైతే, లోపల ఏముందన్నది మరొకటి. ఈ రెండిటినీ కలిపేయడం వల్లే ఎక్కువ గందరగోళం పుడుతుంది. జంతువు మీద పరీక్షించని సబ్బులో జంతువు కొవ్వు ఉండవచ్చు. పూర్తిగా మొక్కల నుంచి వచ్చిన పదార్థాన్ని కుందేలు కంట్లో వేసి చూసి ఉండవచ్చు. అట్ట మీద శాకాహార గుర్తుగా వేసే పచ్చ చుక్క రెండో ప్రశ్నకే కొంతవరకు జవాబు చెబుతుంది, మొదటి ప్రశ్న గురించి నోరు విప్పదు. చుక్క లేనిచోట వెనుక అట్ట చదవాలి. కెమిస్ట్రీ చదవకపోయినా గుర్తుపట్టదగిన పేర్లు కొన్నే ఉన్నాయి. సోడియం టాలోవేట్ అని ఉంటే అది పశువుల కొవ్వుతో చేసిన సబ్బు. సోడియం పామేట్, సోడియం కోకోయేట్ అని ఉంటే పామాయిల్, కొబ్బరినూనెలతో చేసినది. లానోలిన్ అంటే గొర్రె ఉన్ని నుంచి తీసే జిడ్డు, పెదవుల క్రీముల్లో కనబడుతుంది. సెరా ఆల్బా అంటే తేనెమైనం. లిప్‌స్టిక్ మీద సీఐ 75470 అన్న సంఖ్య ఉంటే అది కార్మైన్, ఎండిన కాచినీల్ పురుగుల నుంచి తీసే ఎరుపు. షెల్లాక్ మన లక్కే, అదీ పురుగుల నుంచి వచ్చేదే. గ్లిజరిన్, స్టియరిక్ ఆమ్లం మాత్రం రెండు వైపుల నుంచీ రావచ్చు కనుక, పేరు చూసి ఏమీ తేల్చలేము.

ఆయుర్వేదం అని రాసి ఉంటే అంతా ఆకులూ వేర్లేనని మా అమ్మ నమ్మకం, ఆమెదే కాదు చాలామందిదీ అంతే. ఆయుర్వేద పళ్లపొడి డబ్బా తిప్పి సముద్రఫేనం అన్న పేరు ఉందేమో చూడండి. పేరు వింటే సముద్రపు నురుగేమో అనిపిస్తుంది, కానీ అది కటిల్‌ఫిష్ అనే సముద్రజీవి శరీరంలో ఉండే గుల్ల. శంఖ భస్మం, ప్రవాళ (పగడం) భస్మం, లాక్ష (లక్క), కస్తూరి, ఇవన్నీ శాస్త్రంలో ఉన్నవే, అన్నీ ప్రాణుల నుంచి వచ్చేవే. ఆ శాస్త్రం వీటిని ఎన్నడూ దాచలేదు. దాచింది అట్ట మీద తులసి ఆకు బొమ్మ వేసిన ఈనాటి వ్యాపారం. ఇంకో మాట కూడా ఉంది. ఆయుర్వేద లైసెన్సుతో తయారయ్యే సబ్బు, నూనె, పేస్టు చట్టం దృష్టిలో సౌందర్య సాధనాలు కావు, మందులు. అందుచేత సౌందర్య సాధనాల కోసం పెట్టిన పరీక్షల నిషేధం వాటికి అలాగే వర్తిస్తుందని అనుకోకూడదు.

విద్యార్థుల దగ్గరికి వచ్చేసరికి ఈ చదవడానికి ఒక పెద్ద అడ్డంకి ఉంది. మేము కొనేది రూపాయి, రెండు రూపాయల షాంపూ ప్యాకెట్లు. అరవై మిల్లీలీటర్ల కన్నా తక్కువ ద్రవం, ముప్పై గ్రాముల కన్నా తక్కువ ఘనపదార్థం ఉన్న ప్యాకింగ్ మీద పదార్థాల జాబితా వేయనక్కరలేదని నియమం. అంటే అందరికన్నా తక్కువ డబ్బు పెట్టగలిగినవాళ్లకే అందరికన్నా తక్కువ సమాచారం అందుతుంది. దీనికి నేను చేసే పని చాలా చిన్నది: అదే కంపెనీ, అదే రకం పెద్ద సీసాను దుకాణంలో తీసి వెనుక చదివి, దాన్ని దాని చోట పెట్టేసి, ప్యాకెట్ల దండ కొనుక్కుంటాను. ఈ తంతు చూసి మొదట్లో విసుక్కున్న సేటు ఇప్పుడు, "మళ్ల సదువుడు షురూ చేసినవా బిడ్డా" అని నవ్వి ఊరుకుంటాడు. ధర పోల్చడానికి సీసాల మీద గ్రాముకు లేక మిల్లీలీటరుకు ఎంతో తెలిపే యూనిట్ ధర కూడా ఇప్పుడు ముద్రిస్తున్నారు. దాంతో పోల్చి లెక్కేస్తే చాలాసార్లు షాంపూ సీసా కన్నా ప్యాకెట్లే చవకగా పడుతున్నాయి. ప్లాస్టిక్ చెత్త మాత్రం పెరుగుతుంది, ఆ బాధ వేరు.

ఈ మధ్య ధరల్లో మనకు కలిసొచ్చిన మార్పు ఒకటి ఉంది. 2025 సెప్టెంబరు 22 నుంచి స్నానపు సబ్బు, షాంపూ, తలనూనె, టూత్‌పేస్ట్‌ల మీద జీఎస్టీ 18 శాతం నుంచి 5 శాతానికి తగ్గింది. ఈ తగ్గింపు బిళ్ల సబ్బుకే గాని ద్రవ సబ్బుకు కాదు. కాబట్టి బాడీవాష్ మోజు ఉన్నవాళ్లు ఆలోచించుకోవచ్చు.

సబ్బు ఎంచుకోవడంలో నేను చూసే మరో అంకె టీఎఫ్‌ఎం, అంటే సబ్బులో కొవ్వు పదార్థం శాతం. డెబ్బై ఆరు, ఆపైన ఉంటే మొదటి గ్రేడు. డెబ్బై ఉంటే రెండోది. అరవై ఉంటే మూడోది. బేతింగ్ బార్ అని చిన్న అక్షరాలతో ఉంటే అందులో అంతకన్నా తక్కువ కొవ్వు ఉన్నా చెల్లుతుంది. మొదటి గ్రేడు సబ్బు నాలుగు రూపాయలు ఎక్కువైనా హాస్టల్ బాత్రూములో తడిసి ముద్దయి కరిగిపోకుండా ఎక్కువ రోజులు వస్తుంది. ఆ కొవ్వు మొక్కదా, జంతువుదా అన్నది టీఎఫ్‌ఎం చెప్పదు, దానికి మళ్లీ జాబితా చదవవలసిందే.

నల్లగొండ నీళ్ల గురించి కూడా చెప్పాలి. ఫ్లోరైడ్ పేరుతో ఈ జిల్లా దేశమంతా తెలుసు. పటిక, సున్నం వేసి నీళ్లలోంచి ఫ్లోరైడ్ తీసే పద్ధతికి ప్రపంచమంతటా నల్లగొండ టెక్నిక్ అనే పేరు. స్నానానికి వచ్చే బోరునీళ్లతో మాకున్న ఇబ్బంది మాత్రం కాఠిన్యం. కాల్షియం, మెగ్నీషియం లవణాలు సబ్బులోని కొవ్వు ఆమ్లాలతో కలిసి తెల్లని మడ్డిగా దిగిపోతాయి. నురుగు రాదు, సబ్బు మాత్రం అరిగిపోతుంది, బకెట్ అంచున జిడ్డు పేరుకుంటుంది. కుంకుడుకాయలో నురుగునిచ్చే సాపోనిన్లనే పదార్థాలకు ఈ బెడద లేదు, ఉప్పునీళ్లలోనూ నురుగు వస్తుంది. కుంకుడుకాయను మన పెద్దవాళ్ల జ్ఞాపకంగా కాక, చవకైన, జంతువుతో సంబంధం లేని, ఈ నీళ్లకు సరిపోయే డిటర్జెంటుగా చూస్తే దాని విలువ సరిగ్గా తెలుస్తుంది.

కొనేటప్పుడు పొడి కొనవద్దు, కాయలే కొనాలి. పొడిలో ఏం కలిపారో కనిపెట్టడం కష్టం. మా సేటు చెప్పిన పరీక్ష ఇదీ: "ఒకటి పలగ్గొట్టి సూడు బిడ్డా. ఏలికి జిగట తాకితే కొత్తది, పొడి రాలితే పోయినేడుది." కిలో రెండు వందలు అనుకున్నా, భుజాల దాకా జుట్టున్న నాకు తలస్నానానికి ఏడెనిమిది కాయలు చాలు కనుక, వారానికి రెండుసార్లు పోసుకున్నా కిలో నాలుగు నెలలకు తగ్గకుండా వస్తుంది. రాత్రి కాయలను రాయితో చితక్కొట్టి, లోపలి నల్ల గింజ తీసేసి, పై తొక్కను మగ్గులో గోరువెచ్చని నీళ్లలో వేసి ఉంచితే, తెల్లారి చేత్తో పిసికి వడకట్టడం రెండు నిమిషాల పని. గింజతో సహా నానబెట్టకూడదు. రసం మిగిలితే మరునాటికి వాసన వస్తుంది, కాబట్టి ఏ పూటకు ఆ పూటే. పిప్పిని బాత్రూము జాలీలో వదిలితే హాస్టలంతా మనల్ని తిట్టుకుంటుంది, కాగితంలో చుట్టి బయట పారేయాలి. నల్లమలలో చెంచులు ఏరే కాయలను గిరిజన సహకార సంస్థ కొంటుంది. అచ్చంపేట, మన్ననూరు వైపు వెళ్లే వాళ్లుంటే నేను అక్కడి నుంచే తెప్పించుకుంటాను.

స్నానానికి పెసరపిండి, ముఖానికి నలుగుపిండి కూడా ఇదే లెక్కలోకి వస్తాయి; కొబ్బరినూనె విషయంలో తినే నూనెగా అమ్మే ప్యాకెట్ కొంటే ధర తక్కువ, పచ్చ చుక్క ఉంటుంది, తలకూ ఒంటికీ ఒకటే సరిపోతుంది. పటిక ముక్క తడిపి చంకల్లో రుద్దుకుంటే చెమట వాసన తగ్గుతుంది. పదిరూపాయల ముక్క నెలల తరబడి వస్తుంది. మగపిల్లలు గడ్డం గీసుకున్నాక రాసుకునేదీ ఇదే. వాళ్లకు ఒక మాట: షేవింగ్ బ్రష్‌లో పంది వెంట్రుకలు వాడేవి ఉంటాయి, నైలాన్‌వి చూసి తీసుకోవాలి.

ఇన్ని చెప్పాను కదా అని ప్రతిదీ వంటింట్లోనే చేసుకోవాలన్నది నా మతం కాదు. ముఖానికి నిమ్మరసం, పళ్లకు నిమ్మరసం అని ఫోన్లో చూసి చేసేవన్నీ చర్మానికీ పంటికీ చేటే. ఎండకు రాసుకునే సన్‌స్క్రీన్‌కు ఇంట్లో బదులు లేదు. ఎండాకాలంలో యూనివర్సిటీ బస్టాపు దగ్గర పది నిమిషాలు నిలబడితే ఎవరికైనా తెలుస్తుంది అది అలంకారం కాదని. అందుకే నా డబ్బు ఎక్కువగా ఖర్చయ్యేది దానికే. జాబితాలో పేరున్న కంపెనీది, పెద్ద ట్యూబు, గదిలో ముగ్గురం కలిసి కొని, ముగ్గురం పంచుకుంటాం. ఆన్‌లైన్‌లో కొంటే డెలివరీ చార్జీ తప్పించుకోవడానికి అక్కరలేనివి కలిపి కొనకుండా, హాస్టల్‌లో అందరి ఆర్డరూ ఒకేసారి పెడతాం. అమ్మకాల పేరుతో సగం ధరకు వచ్చేవాటిలో గడువు దగ్గరపడినవి ఎక్కువ, గడువు తేదీ చూడకుండా సంబరపడకూడదు. సానిటరీ ప్యాడ్లు జన ఔషధి కేంద్రంలో 2019 నుంచి ఒక్కోటి రూపాయికే ఇస్తున్నారు. అక్కడ మిగిలిన సొమ్మే మా సన్‌స్క్రీన్‌కు పెట్టుబడి.

టూత్‌పేస్ట్ గురించి మాత్రం ఈ జిల్లాలో జాగ్రత్తగా మాట్లాడాలి. నీళ్లలోనే ఫ్లోరైడ్ ఎక్కువైన ఊళ్ల నుంచి వచ్చినవాళ్లం కనుక ఫ్లోరైడ్ పేస్టు అనగానే బెదురుతాం. పళ్ల మీద గోధుమరంగు మచ్చలు పడేది చిన్నతనంలో, చిగుళ్ల లోపల పళ్లు తయారయ్యేటప్పుడు కడుపులోకి పోయిన ఫ్లోరైడ్ వల్ల. పెద్దవాళ్లు రుద్ది ఉమ్మేసే పేస్టుతో ఆ మచ్చలు రావు, పిప్పిపళ్లు రాకుండా అది కాపాడుతుంది. మింగేసే చిన్నపిల్లలకు బియ్యపు గింజంత పేస్టే వేయాలి. వేపపుల్ల మంచిదే, నేనూ ఊరికి పోతే వాడతాను. పుల్ల ఒక్కదానితోనే సరిపెట్టుకొమ్మని మాత్రం ఎవరికీ చెప్పను. లోపలి పదార్థాల సంగతి వరకు, పచ్చ చుక్క ఉన్న మామూలు పేస్టు తీసుకుంటే సరిపోతుంది.

కాటుక, లిప్‌స్టిక్ లాంటివి ఎంత తక్కువ కొంటే అంత మంచిది. నేను రెండే ఉంచుకుంటాను. పేరూ ఊరూ లేని చవక లిప్‌స్టిక్ మీద పదార్థాలే ఉండవు, తయారీదారు లైసెన్సు నంబరు కూడా ఉండదు. అది జంతువుకు మంచిదో కాదో తరువాతి మాట, ముందు మన పెదవికి మంచిది కాదు.

అట్ట మీద తేలని విషయాలకు కంపెనీ కస్టమర్ కేర్‌కు మెయిల్ రాయడం నేను అలవాటు చేసుకున్నాను, చిరునామా సబ్బు అట్ట మీద, సీసా మీద ఉంటుంది. "మీరు జంతువులపై పరీక్షిస్తారా" అని అడిగితే లేదనే జవాబే వస్తుంది, చట్టప్రకారం వేరే జవాబు ఉండదు కూడా. అందుకని ప్రశ్నను విడగొట్టి అడగాలి: మీకు ముడిసరుకు అమ్మేవాళ్లు పరీక్షిస్తారా, జంతు పరీక్ష తప్పనిసరి అయిన ఏ దేశంలోనైనా మీ వస్తువు అమ్ముతున్నారా, మీ గ్లిజరిన్, స్టియరిక్ ఆమ్లం మొక్కలవా, జంతువులవా. మూడో ప్రశ్నకు ఒక చిన్న సబ్బుల కంపెనీ తమ గ్లిజరిన్ పామాయిల్ నుంచి వచ్చిందని తెలుగులోనే రెండు లైన్లలో తేల్చి చెప్పింది. పెద్ద బ్రాండు ఒకటి మాత్రం "మీ ఆసక్తికి ధన్యవాదాలు" అని మొదలుపెట్టి, ఒక్క ప్రశ్నకూ జవాబివ్వకుండా పేజీన్నర ఇంగ్లిషు పంపింది. ఆ రెండిట్లో ఏ కంపెనీ సబ్బు మా బాత్రూములో ఉందో చెప్పనక్కరలేదు. ధర కూడా దానిదే ఆరు రూపాయలు తక్కువ.